పది సెకన్లకొకసారి పిలిచిన పేరు

ఆ ఆసుపత్రిలో "పడిపోయింది" అని కేక వినపడితే ఎవరూ స్ట్రెచర్ కోసం పరిగెత్తరు. సర్వరమ్మ కోసం పరిగెత్తుతారు. సర్వరు కనిపెట్టుకుని ఉంటుంది కాబట్టి అందరూ పెట్టిన పేరు అది.

ఆ సోమవారమూ అంతే. క్యారేజీ విప్పి రెండు ముద్దలు నోట్లో పెట్టుకుందో లేదో, కింద రక్తపరీక్షల ల్యాబులోంచి టెక్నీషియన్ గొంతు మెట్లెక్కి వచ్చింది. సర్వరమ్మ ఆ పిల్లను చెల్లెలనే పిలుస్తుంది.

"అక్కా, మళ్ళీ పడిపోయింది. నలభై ట్యూబులు నిలబడి ఉన్నాయి."

సర్వరమ్మ క్యారేజీ మూత కూడా పెట్టలేదు. తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూనే మెట్ల పైనున్న చిన్నగదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుని, కీబోర్డు మీది గుడ్డ తీసింది. స్క్రీను మీద నల్లటి విండో ఒకటి తెరిచి ఉంది. అందులో తెల్లక్షరాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. స్క్రీను నెత్తిన ఆవిడ చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: "మూయవద్దు. మూస్తే ఆగుతుంది. ఆగితే నన్ను పిలవండి."

కింద యంత్రాలు రక్తం చూసి తేల్చిన అంకెలను వార్డులకు చేరవేసే ప్రోగ్రాం అది. అది ఆగిందంటే డాక్టరు చేతికి రిపోర్టు రాదు, రోగి మంచం మీద ఉన్నవాడు ఉన్నట్టే ఉంటాడు. దాన్ని మళ్ళీ లేపడానికి రెండు వరుసలు టైపు చెయ్యాలి. ఇంగ్లీషులో సర్వరమ్మకు వచ్చినవి ఆ రెండు వరుసలూ, తన పేరూ. చదువుకుని నేర్చుకున్నవి కావు, ముగ్గు చూసి పట్టేసినట్టు పట్టేసినవి. అయితేనేం, కళ్ళు మూసుకున్నా తప్పు కొట్టదు.

మొదటి వరుస కొట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని పెదవులు కదిపింది. ఒకటి, రెండు, మూడు... ముప్పై దాకా. అప్పుడు రెండో వరుస కొట్టింది. తెల్లక్షరాలు వరదలా కిందికి పరిగెత్తాయి. కింద ప్రింటరు చప్పుడు మొదలైంది.

"ముప్పై ఎందుకు లెక్కపెట్టారు?"

గుమ్మంలో నెరిసిన మీసాలాయన నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు, భుజాన సంచి. ఇంజనీరుగారు వస్తారని పొద్దున సూపరింటెండెంటు చెప్పనే చెప్పాడు. "ఆయనకు నీ పనంతా చూపించు. ఒక్కటీ దాచకు. నీ ఫైలుకు పనికొస్తుంది" అన్నాడు. ఆ ఫైలు ఆవిడ పర్మనెంటు ఫైలు. నెలాఖరుకు పాత ఒప్పందం తీరిపోతుంది. ఏటేటా పొడిగించే ఈ ముష్టి ఇక వద్దు, ఉద్యోగం ఖాయం చెయ్యండి అని ఆవిడ పెట్టుకున్న కాగితం మూడు నెలలుగా సూపరింటెండెంటు బల్లమీద పేపరువెయిటు కింద నిద్రపోతోంది. ఇంట్లో రెండు నోళ్ళు, తనదీ అత్తదీ, ఆ కాగితం వైపే చూస్తున్నాయి.

అందుకని సర్వరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చెప్పింది.

"పెద్దది ముందు లేవాలి కదండీ. రిపోర్టులన్నీ దాచుకునేది అదేగా. అది లేచి, ఒళ్ళు విరుచుకుని, సర్దుకుని కూర్చున్నాక గానీ చిన్నదాన్ని పిలవకూడదు. ముందే పిలిస్తే తలుపు కొట్టి కొట్టి, తీసే నాథుడు లేక గుమ్మంలోనే పడిపోతుంది."

ఇంజనీరు నవ్వలేదు. సంచి కింద పెట్టాడు.

"మీరు సెలవు పెడితే?"

"పదకొండేళ్ళలో తొమ్మిది రోజులు పెట్టానండీ. అప్పుడు కూడా నా పేరుతో తెరిచిపెట్టి గదికి తాళం వేసి వెళ్ళాను. ఇంటికెళ్ళేటప్పుడు స్క్రీను ఆపుతాను గానీ పేరు ఆపను. నేను లోపల్లేకపోతే ఇదీ ఉండదు. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని బతుకుతున్నాం."

"మీ పేరుతోనే ఎందుకు తెరిచారు?"

"దీన్ని పెట్టినాయన పెట్టినరోజు ఈ గదిలో చీపురు పట్టుకుని ఉన్నది నేనే మరి. ఎవరిదో ఒకరిది పేరు కావాలన్నాడు. చెప్పాను."

సొరుగు లాగి ఏడు నోటుపుస్తకాలు తీసి బల్లమీద పేర్చింది. అది పడిపోయిన ప్రతిసారీ తేదీ, వేళ, అప్పుడేం జరుగుతోందో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. ఎండల్లో ఎక్కువ. తొమ్మిది గంటలకు వార్డులన్నీ ఒక్కసారి తెరిస్తే ఎక్కువ. ఇంజనీరు నిలబడే ఒక పుస్తకం మొత్తం తిరగేశాడు. తర్వాత ఫోను తీసి పేజీపేజీకీ ఫోటో తీసుకున్నాడు. సర్వరమ్మ పేజీలు మడత పడకుండా వేలితో నొక్కి పట్టుకుంది. క్యారేజీలో అన్నం ఎండి పెళ్ళలు కట్టింది.

మర్నాడు ఆయన ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. పదకొండేళ్ళలో ఆ కుర్చీలో ఇంకో మనిషి వీపు చూడటం ఆవిడకు అదే మొదలు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

ఆయన రాసింది ఎంతో లేదు, పద్నాలుగు వరుసలు. చాకలిపద్దంత. ఒక్కొక్క వరుస మీదా పెన్ను పెట్టి చెప్పాడు.

"ఇది ప్రోగ్రాం ఎక్కడుందో. ఇది పెద్దదాని తర్వాత లేవాలని. ఇది పడిపోతే వెంటనే లేపమని. ఇది కరెంటు పోయి వచ్చినా దానంతటదే మొదలవ్వాలని."

"ఎవరు లేపుతారండీ?"

"మెషీనే. లోపల మేస్త్రీ లాంటివాడు ఒకడుంటాడు. ఈ కాగితం వాడి చేతిలో పెడితే చాలు. విండో తెరవక్కర్లేదు, ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదు."

"మరి నా పేరు?"

ఆయన పెన్ను ఇంకో వరుస మీదికి జరిగింది. "ఇదిగో. ఎవరి పేరు మీద నడపాలో మేస్త్రీకి చెప్పాలిగా. ఫైళ్ళన్నీ మీ పేరు మీదే ఉన్నాయి. అవన్నీ మార్చడం ఎందుకని మీదే ఉంచేశాను."

సర్వరమ్మ ముందుకు వంగి చూసింది. తన పేరే. ఈ ఆసుపత్రిలో అందరూ సర్వరమ్మ అనేవాళ్ళే, ఆ అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో అత్తకు ఆవిడ "ఏమే". ఆ పేరు బతికి ఉన్నది ఈ డబ్బాలోనే.

"పర్మనెంటు కాగితం మీదికంటే దీంట్లోకే ముందెక్కిందన్నమాట," అని ముసిముసిగా నవ్వుకుంది.

మెషీను ఆపి మళ్ళీ వేశాడు. ప్రోగ్రాం లేచింది, పడింది. లేచింది, పడింది. ఐదుసార్లు కన్ను మూసి తెరిచేలోపు అయిపోయాయి. ఆ తర్వాత ఎర్రటి వరుస ఒకటి వచ్చి నిలబడిపోయింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, రాసిందంతా పైనుంచి కిందిదాకా మళ్ళీ చదివాడు. మళ్ళీ ఆపి వేశాడు. మళ్ళీ అదే.

"పెద్దదాని తర్వాత అన్నారు గానీ, ఎంత తర్వాతో చెప్పలేదండీ," అంది సర్వరమ్మ. "పెద్దది కళ్ళు తెరవగానే దీన్ని తోసేస్తున్నాడు మీ మేస్త్రీ. ముప్పై లెక్కపెట్టమనండి. ఇంకోటి, పడినదాన్ని పడినట్టే జుట్టుపట్టి లేపకూడదు. కాస్త ఊపిరి తీసుకోనివ్వాలి. నేనైతే పది లెక్కపెడతాను."

ఆయన ఆవిడ వైపు ఒకసారి చూసి, రెండు వరుసలు దిద్దాడు. మెషీను ఆపి వేశాడు. ఈసారి పెద్దది లేచింది. ముప్పై అంకెలు గడిచాయి. చిన్నది లేచింది, నిలబడింది. తర్వాత ఆయనే కావాలని దాన్ని పడగొట్టాడు.

సర్వరమ్మ స్టూలు మీంచి సగం లేచింది. చెయ్యి కీబోర్డు దాకా వెళ్ళింది. ఎనిమిది, తొమ్మిది, పది. అదే లేచి కూర్చుంది. గాల్లో ఉన్న చేతిని ఏం చెయ్యాలో తోచక ఆవిడ కొంగు సర్దుకుంది.

"అమ్మా," అన్నాడు ఇంజనీరు, "ఇదంతా ఎందుకు చేయిస్తున్నారో మీకు చెప్పారా?"

"నా ఫైలు కోసమని చెప్పారు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. అయినా చాలాసేపు తుడిచాడు.

శుక్రవారం నెలాఖరు. సూపరింటెండెంటు గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. పదకొండేళ్ళలో కూర్చోమన్నది అదే మొదటిసారి కాబట్టి సర్వరమ్మకు సగం అప్పుడే అర్థమైంది. పేపరువెయిటు కింద కాగితం లేదు.

"నీ పోస్టు పేరేమిటమ్మా? ప్రోగ్రాం పర్యవేక్షణ. ఇప్పుడది తనను తనే పర్యవేక్షించుకుంటోంది. లేని పనికి మనిషిని ఖాయం చేస్తే పైవాళ్ళు నన్నడుగుతారు."

"ఒక్కటీ దాచకుండా చూపించమన్నారు సార్."

"చూపించావు. అందుకేగా ఇంత చక్కగా అయింది. నీ మేలు మర్చిపోను."

"మేలు మీ దగ్గరే ఉంచుకుని, ఊడ్చే పనైనా ఇప్పించండి. అందులోంచే వచ్చాను."

"అది కంపెనీకి ఇచ్చేశాం కదా. నా చేతిలో లేదు."

విడుదల కాగితం వెనకాల ఒక జాబితా ఉంది. ఆవిడ ఒక్కొక్కటీ అప్పగిస్తుంటే గుమాస్తా ఒక్కొక్క గడిలో టిక్కు పెట్టాడు. మెడలో కార్డు. గది తాళం. నోటుపుస్తకాలు ఏడు, ఆఫీసు సొరుగులోవి కాబట్టి ఆఫీసువే. ఆఖరి గడి, ఖాతా తొలగింపు. మనిషి వెళ్ళిననాడే మెషీనులో మనిషి పేరు తీసెయ్యాలని రూలు. గుమాస్తా తన బల్లమీదే అది చేస్తూ ఆగి, పై ఆఫీసుకు ఫోన్ కలిపాడు.

"సార్, ఈ పేరు వాడుకలో ఉందని అడ్డం చెబుతోంది. తీసెయ్యాలా?... రూలు రూలేనంటారు... సరే సార్, బలవంతంగా తీసేస్తున్నా."

మీట నొక్కి, టిక్కు పెట్టి, "ఇక్కడ సంతకం" అన్నాడు. సర్వరమ్మ పెట్టింది. పైన గదిలో ప్రోగ్రాం చప్పుడు లేకుండా నడుస్తూనే ఉంది. నడిచేదాన్ని ఎవరూ పేరు అడగరు. పడి లేచేటప్పుడే అడుగుతారు.

ఇంటికెళ్ళేసరికి అత్త గుమ్మంలో మోకాలికి నూనె రాసుకుంటోంది. కోడలి మెడ బోసిగా ఉండటం చూసింది. కార్డు లేదు. సంగతంతా విని, నూనె చెయ్యి గోడకు ఆనించుకుని లేచింది.

"నీ గొయ్యి నువ్వే తవ్వి, పార కడిగిచ్చి మరీ వచ్చావా ఏమే?"

"అవును అత్తయ్యా."

"లోతు సరిపోలేదంటే ఇంకో రెండు అడుగులు కూడా చూపించి ఉంటావు."

"చూపించాను. ముప్పై లెక్కపెట్టమన్నాను."

అత్త కోడలి మొహం చూసింది. కంచం తెచ్చి ముందు పెట్టింది.

మంగళవారం పదకొండు గంటలకు ఫోన్ మోగింది. ల్యాబు చెల్లెలు.

"అక్కా, పడిపోయింది."

"పది లెక్కపెట్టు. అదే లేస్తుంది."

"పొద్దున ఎనిమిదిన్నరకు పడింది. లేవట్లేదక్కా. ఇంజనీరుగారికి ఫోన్ చేస్తే, నీ పేరు మీద నడపమని రాశారట, ఆ పేరుగల మనిషి మెషీనులో లేదట. మళ్ళీ నీ పేరు ఎక్కించాలంటే నువ్వొచ్చి ఫారం మీద సంతకం పెట్టాలని మనవాళ్ళ రూలు. ఒక్క సంతకమేనట. సూపరింటెండెంటుగారు రమ్మంటున్నారు."

అత్తకు చెవుడు లేదు. ఫోన్ పెట్టెయ్యకముందే అందుకుంది. "ముందు ఉద్యోగం కాగితం, తర్వాత సంతకం. మధ్యలో ఊపిరి కూడా పీల్చకు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుంది ఎవరికైనా. ఒక్కసారి గట్టిపడవే."

బస్సులో సర్వరమ్మ ఆ మాటే వల్లె వేసుకుంది. ముందు కాగితం ఇప్పించండి సార్, తర్వాత సంతకం పెడతాను. ముందు కాగితం, తర్వాత సంతకం. పెద్దది ముందు, చిన్నది తర్వాత. ఆ వరుస తనకు తెలియనిది కాదు.

గేటు దగ్గర వాచ్‌మన్ తలదించుకుని పుస్తకం ముందుకు తోశాడు. పదకొండేళ్ళుగా ఆవిడకు బాబాయి.

"ఏమనుకోకమ్మాయ్. కార్డు లేనివాళ్ళు రాయాలట."

పుస్తకంలో గడులున్నాయి. పేరు. ఎవరిని కలవాలి. వచ్చిన వేళ. వెళ్ళిన వేళ. సర్వరమ్మ మొదటి గడిలో పేరు రాసింది. రెండో గడి దగ్గర కొంచెం ఆగి, అందులోనూ అదే పేరు రాసింది.

ల్యాబు ముందు నడవాలో జనం గోడలకు అతుక్కుని ఉన్నారు. అద్దంలోంచి చూస్తే ట్యూబులు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి, ఎర్ర మూతలు, ఊదా మూతలు. చెల్లెలు బాగా అత్యవసరమైన ముగ్గురి అంకెలను చేత్తో రాసి, చీటీలు వార్డుకు పంపుతోంది. ఆవిడను చూడగానే చెయ్యి ఆపకుండానే అంది: "పద్నాలుగో మంచం ఆపరేషను రిపోర్టు కోసం ఆగింది అక్కా. చీటీ మీద నమ్మకం లేదట డాక్టరుకి. స్క్రీను మీద కనిపించాలట."

పైగదిలో కుర్చీ, కాగితం, అన్నీ అలాగే ఉన్నాయి. స్క్రీను మీద మేస్త్రీ రాసుకున్న చిట్టా తెరిచి ఉంది. సర్వరమ్మ వంగి చూసింది. చదవలేకపోయినా ఒక మాట మాత్రం తెలుస్తోంది. ప్రతి వరుసలోనూ తన పేరు. పక్కన వేళ. పది సెకన్లు. మళ్ళీ తన పేరు. పది సెకన్లు. మళ్ళీ. వేలితో మీట నొక్కి పైకి పోనిచ్చింది. ఎంత పైకి వెళ్ళినా అదే. పొద్దున ఎనిమిదిన్నర నుంచీ, వెయ్యిసార్లు దాటి, విసుగూ విరామం లేకుండా, తను నేర్పిన పది అంకెలే లెక్కపెట్టుకుంటూ అది ఆవిడనే పిలుస్తోంది. పలికే మనిషి లేదు.

"వచ్చావా, అమ్మయ్య," అంటూ సూపరింటెండెంటు వచ్చాడు, వెనకే ఫారం పట్టుకుని గుమాస్తా. "ఇదిగో, ఇక్కడొక్క సంతకం. బెంగపడకు, నిన్ను మళ్ళీ రమ్మని శ్రమ పెట్టం. నీ పేరు ఉంటే చాలు, మనిషి అక్కర్లేదు. నువ్వు ఇంట్లో హాయిగా ఉండు, పని దాని మానాన అది నడుస్తుంది."

ముందు కాగితం, తర్వాత సంతకం. నాలిక చివరిదాకా వచ్చిన మాట అక్కడే చప్పబడిపోయింది. సర్వరమ్మ ఫారం వైపు చూసింది. ఉద్యోగి నంబరు అన్నచోట గుమాస్తా గీత కొట్టి ఉంచాడు. హోదా అన్నచోట గీత. పేరు అన్నచోట మాత్రం పెద్దక్షరాలతో పేరు.

"ఇంజనీరుగారితో ఒకమాట మాట్లాడాలి," అంది.

గుమాస్తా ఫోన్ కలిపి బల్లమీద పెట్టాడు.

"ఎవరి పేరూ లేకుండా అది నడవదా అండీ?"

"నడుస్తుందమ్మా. దానికంటూ ఒక పేరు పెట్టాలి, మనిషిది కానిది. మొదటే అలా చెయ్యాల్సింది. సులువని మీది పెట్టాను. తప్పు నాదే."

"ఎంతసేపు?"

"పావుగంట. కీబోర్డు దగ్గర తెలిసిన చెయ్యి ఉంటే."

"ఆ తంటా అంతా ఎందుకు?" అన్నాడు సూపరింటెండెంటు. "సంతకమైతే నిమిషం. పేరేగా, అరిగిపోతుందా?"

"మనిషి అక్కర్లేనప్పుడు పేరు మాత్రం ఎందుకు సార్?" అంది సర్వరమ్మ. గొంతు పెంచలేదు. "అది పడ్డప్పుడల్లా నన్ను పిలుస్తుంది. నేను ఎక్కడో ఉంటాను. నా పేరు నాకిచ్చెయ్యండి. పట్టుకుపోతాను."

గుమాస్తా ఫారం వెనక్కి తీసుకున్నాడు. సూపరింటెండెంటు గోడ గడియారం చూసి, కిందనుంచి వస్తున్న జనం గోల విని, మెషీనులో ఏదైనా మార్చనిచ్చే పెద్ద పాస్‌వర్డు ఒంటివేలితో కొట్టి, "కానివ్వండి" అని బయటికి నడిచాడు.

"అమ్మా," అన్నాడు ఇంజనీరు ఫోనులోంచి, గొంతు తగ్గించి. "ఆయన వెళ్ళారా? ఒక్కమాట. ఇది చేసేశాక వాళ్ళకు మీతో ఇక ఏ అవసరమూ రాదు. ఇవాళ ఒక్కరోజే మీ చేతిలో ఏదైనా ఉన్నది. ఆలోచించుకోండి."

సర్వరమ్మకు అత్త మొహం కళ్ళముందు కదిలింది. కింద చెల్లెలు ఎవరికో "ఇంకాసేపు, ఇంకాసేపు" అని చెబుతున్న గొంతు వినిపిస్తోంది. ఆలోచించుకుని ట్యూబులను అడ్డం పెట్టడం తనవల్ల అయ్యే పనైతే, పదకొండేళ్ళ కిందటే ఏ రోజు కావాలన్నా పెట్టి ఉండేది.

"తెలుసండీ," అంది. "అక్షరం చెప్పండి."

కుర్చీలో కూర్చుంది. కొంగుకు చెయ్యి తుడుచుకుంది, తడి లేకపోయినా. ఆయన అక్షరం చెప్పాడు, ఆవిడ కొట్టింది. ఫైళ్ళ వరస తెరపైకి వచ్చింది. సొంతదారు పేరు ఉండాల్సిన చోట ఏదో అంకె ఉంది. పేరు తీసేస్తే మనిషి స్థానంలో మిగిలేది అంతే కాబోలు.

"ఏం పేరు పెడదాం?" అన్నాడాయన.

"మీ ఇష్టం. ఎవరింట్లోనూ లేనిది పెట్టండి. ఇంకొకరిని ఇలా పిలవకూడదు."

ల్యాబ్ అనే మాటే పెట్టారు. అంకెలన్నీ ఒక్కసారిగా ఆ పేరుగా మారాయి. చివరికి పద్నాలుగు వరుసల కాగితం తెరిపించాడు. పెన్ను పెట్టి ఆయన చూపించిన వరుస దగ్గరకు వెళ్ళి, సర్వరమ్మ తన పేరును వెనకనుంచి ముందుకు ఒక్కొక్క అక్షరమే చెరిపింది. ఆఖరి అక్షరం దగ్గర వేలు ఆగలేదు. ఆగుతుందేమోనని ఆవిడే అనుకుంది.

మొదలుపెట్టమన్నాడు. మొదలుపెట్టింది. పెదవులు వాటంతటవే కదిలాయి, ముప్పై దాకా. పచ్చటి చుక్క వెలిగింది. కింద ప్రింటరు దగ్గినట్టు చప్పుడు చేసి అందుకుంది. "వచ్చిందక్కా, పద్నాలుగో మంచం వచ్చింది," అని చెల్లెలు మెట్ల కిందనుంచి అరిచింది.

సర్వరమ్మ కీబోర్డు మీద గుడ్డ కప్పింది. స్క్రీను నెత్తిన కాగితం అంచులు గోటితో లేపి, చిరగకుండా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. నడవాలో సూపరింటెండెంటు ఎదురయ్యాడు. "టీ తాగి వెళ్ళమ్మా" అన్నాడు. మంచిగానే అన్నాడు. "బస్సు పోతుంది సార్" అంది.

గేటు దగ్గర బాబాయి పుస్తకం తిప్పి ఇచ్చాడు.

"వెళ్ళిన వేళ రాయమ్మాయ్. అదేంటి, రెండు గడుల్లోనూ నీ పేరే రాశావు?"

"పొరపాటు కాదులే బాబాయ్."

"కలిశావా మరి?"

"కలిశాను. తీసుకెళ్తున్నాను."

ఆయనకేం అర్థమైందో, తల మాత్రం ఊపి గేటు తీశాడు. సర్వరమ్మ బయటికొచ్చి, వెనక గేటు పడిన చప్పుడు విని, రోడ్డు దాటకుండా అక్కడే నిలబడింది. మధ్యాహ్నం ఒంటిగంట. రోజూ తను క్యారేజీ విప్పే వేళ. అలవాటు కొద్దీ పది లెక్కపెట్టింది.

ఎవరూ పిలవలేదు.